బండి లాగలేదు

కార్తీకం వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఒక ట్రాక్టరు, దాని వెనక తాడుతో కట్టిన పాత జిప్సీ జీపు, కాశీబుగ్గలో మెకానిక్ దానయ్య షెడ్డు ముందు ఆగాయి. జిప్సీ స్టీరింగు దగ్గర కూర్చున్నది ఈశ్వర్. దిగడానికి తలుపు పట్టుకుని కాసేపు నిలబడాల్సి వచ్చింది. అతనికి నలభై ఒకటో ఏడు. చూస్తే యాభై దాటినట్టున్నాడు. పాదాలు నీరు పట్టి చెప్పుల పట్టీల మీదుగా పొంగాయి. ఎడమ చేతి మీద, వారానికి మూడుసార్లు డయాలసిస్ సూదులు గుచ్చే చోట, నరం తాడులా లేచి ఉంది.

దానయ్య చేతిలో పానా కింద పెట్టి లేచాడు. మనిషిని చూడక ముందు బండిని చూశాడు. ఒళ్ళంతా ఎర్ర రంగు, ఎడమ తలుపు మాత్రం తెలుపు. ఆ తలుపు మార్చాక దాన్ని మళ్ళీ ఎవరూ నడపలేదు. వజ్రపుకొత్తూరు దగ్గర ఈశ్వర్ వాళ్ళ జీడిపిక్కల గొడౌన్‌లో టార్పాలిన్ కింద నాలుగేళ్ళుగా పడి ఉంది.

“మావా, దీన్ని సూడాల,” అన్నాడు ఈశ్వర్.

“ఇప్పుడెందుకు బాబూ? అమ్మీద్దామనా?”

“అమ్మడానికి కాదు.” ఈశ్వర్ బల్ల మీద కూలబడ్డాడు. “ఆ రోజు నేను తొక్కినాను, బండి లాగలేదు. అప్పకి సెప్పినాను, పోలీసులకి సెప్పినాను, అడిగినోడికల్లా సెప్పినాను. ఎవులూ నమ్మలేదు. ఇప్పుడు నాకే నమ్మకం పోయింది. మిషను మీద నాలుగేసి గంటలు పడుకుంటాను గదా, ఇదే ఆలోచన. బస్సుని సూసి భయపడి నేనే కాలు తీసీసినానేమో. తీసీసి, నేరం బండి మీదకి తోసీసినానేమో. ఏదోటి నువ్వు తేల్చు. నా తప్పయితే నా తప్పనే సెప్పు. ఇంక దాచుకునీది ఏటుంది?”

దానయ్య తల ఊపాడు.

ఆ ఇంజను దానయ్య చేతిదే. పదహారేళ్ళ కిందట, ఈశ్వర్ పాతికేళ్ళ కుర్రాడిగా ఉన్నప్పుడు, విశాఖలో ఎవరిదగ్గరో ఆ బండి కొని తెచ్చాడు. ర్యాలీల పిచ్చి అతనికి. ఇద్దరూ కలిసి ఏడాది పాటు దాన్ని విప్పి కట్టారు. సిలిండర్లు బోరు కొట్టించారు, రెండు నోళ్ళ పెద్ద కార్బొరేటర్ పెట్టారు, డిస్ట్రిబ్యూటర్ వేరేది వేశారు. విశాఖలో, కోయంబత్తూరులో, ఒకసారి నాసిక్ దాకా పోయి ఈశ్వర్ పందేలు తోలాడు. కప్పులు తెచ్చి ఇదే షెడ్డులో బల్ల మీద పెట్టేవాడు. తిత్లీ తుపాను వాళ్ళ కొబ్బరి చెట్లన్నీ కూల్చేశాక పందేలు మానుకున్నాడు గానీ బండిని మానలేదు.

ఈశ్వర్‌కి పదమూడేళ్ళప్పుడు తల్లి పోయింది. పెంచింది, అతను అప్ప అని పిలిచే అక్క రాజకుమారి. ఆమె భర్త పాపారావు టెక్కలి హైస్కూల్లో లెక్కల మాస్టారు. బావా బావమరుదులిద్దరూ ఒక కంచంలో తినేంత దగ్గర. నాలుగేళ్ళ కిందట ఏప్రిల్ నెలలో, జీడిపిక్కలు ఏరించే రోజుల్లో, ఈశ్వర్ టెక్కలి వెళ్ళి బావని బండెక్కించుకుని ఊరికి బయల్దేరాడు. నౌపడ దాటాక ఉప్పుమళ్ళ పక్కన రోడ్డు సన్నం. ముందు గ్రానైటు రాళ్ళ లారీ పోతోంది. ఎదురుగా దూరంగా బస్సు కనిపించింది గానీ, దాటడానికి కావల్సినంత చోటుంది. ఈశ్వర్ కుడికి తీసి గట్టిగా తొక్కాడు. బండి లాగలేదు. లారీ పక్కనే ఉండిపోయింది. బస్సు మీదకి వచ్చేసింది. ఈశ్వర్ బ్రేకు కొట్టి లారీ వెనక్కి దూరబోతే బండి రోడ్డు దిగి, ఎడమ వైపు మొత్తం కల్వర్టు గోడకి కొట్టుకుంది. ఎడమ సీట్లో ఉన్న పాపారావు అక్కడికక్కడే పోయాడు. ఈశ్వర్‌కి మణికట్టు విరిగింది, అంతే.

తాగి తోలాడన్నారు. పందేల పిచ్చి బావని తినేసిందన్నారు. రెండో రోజు బ్రేకు ఇన్‌స్పెక్టర్ బండిని చూడటానికి వస్తూ, ఈ ఇంజను సంగతి తెలిసినవాడని దానయ్యని తోడు తీసుకెళ్ళాడు. స్టేషన్ ఆవరణలో దానయ్య రేడియేటర్ పైపు కట్టి, బండి స్టార్ట్ చేసి, రెండుసార్లు రేజ్ చేశాడు. ఇంజను గుండ్రంగా పలికింది. “ఇంజన్‌లో ఏ తప్పూ లేదు సార్,” అన్నాడు. అదే కాగితం మీదకెక్కింది.

పదకొండో రోజున రాజకుమారి తన ఇంటి వసారాలో అతన్ని కూర్చోబెట్టి అడిగింది. “తొక్కితే బండి లాగలేదంతన్నాడు తమ్ముడు. నువ్వు సెప్పు దానయ్యా, నిజమేనా?”

“లేదమ్మా. బండి బాగానే ఉన్నాది,” అన్నాడు దానయ్య.

ఆ రోజు నుంచి రాజకుమారి తమ్ముడితో మాట్లాడలేదు. తోటలోని వాటా కూడా కావాలని అడగలేదు. అతని కిడ్నీలు చెడ్డాయని తెలిసినా రాలేదు. ఉద్దానంలో ఆ జబ్బు లేని ఇల్లుందా అని ఎవరితోనో అందట.

ఇదంతా ఊరికి తెలిసిన సంగతి. ఊరికి తెలియనిది దానయ్య ఒక్కడికే తెలుసు. ఆ ప్రమాదానికి రెండు నెలల ముందు ఈశ్వర్ షెడ్డుకొచ్చి, “మావా, మొన్న మందస నుంచి వస్తంటే ఒకపాలి పికప్ అందుకోలేదు. మిస్ కొట్టి మళ్ళీ సర్దుకుంది, సూడు,” అన్నాడు. దానయ్య నవ్వేశాడు. “పెట్రోల్లో నీళ్ళు పడుంటాయి బాబూ. నా సేతి ఇంజను మిస్ కొట్టదు.” బానెట్ కూడా ఎత్తలేదు. స్టేషన్ ఆవరణలో ఇంజను రేజ్ చేసినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చే, గబగబా రెండుసార్లు రేజ్ చేసి ఆపేశాడు. చల్లటి ఇంజను, బరువు లేకుండా, నిలబెట్టి రేజ్ చేస్తే ఏం తెలుస్తుంది? ఆ సంగతి అతని కంటే బాగా తెలిసినవాడు పలాసలో లేడు.

* * *

మొదటి రోజు ట్యాంకు విప్పితే పెట్రోలు బెల్లం పాకంలా చిక్కబడి, ముక్కు పగిలేంత కంపు కొట్టింది. అది పారబోసి, ట్యాంకు కడిగి, కార్బొరేటర్ ముక్కముక్కా ఊడదీశాడు. పెట్రోలు పోసే సన్న జెట్లలో పచ్చటి జిగురు పేరుకుంది. తొక్కగానే అదనంగా పెట్రోలు చిమ్మాల్సిన చిన్న పంపు రబ్బరు ఎండి చీలింది. ఎవరైనా చూస్తే ఇదే జబ్బు అనేస్తారు. దానయ్య అనలేకపోయాడు. నాలుగేళ్ళు నిలబడ్డ ఏ బండికైనా ఇవి వస్తాయి. ఇవి ఇప్పటి తప్పులు. అతనికి కావల్సింది ఆనాటి తప్పు.

అన్నీ శుభ్రం చేసి, కొత్త రబ్బర్లు వేసి, ఫ్లోటు మట్టం సరిచూసి బిగించాడు. ఇంజను మొదటి సెల్ఫుకే లేచింది. షెడ్డులో ఎంత రేజ్ చేసినా ఒక్క మిస్ లేదు. హైవే ఎక్కించి ట్రయల్ వేశాడు. పది కిలోమీటర్లు పాటపాడినట్టు పోయింది. పన్నెండో కిలోమీటరు దగ్గర, మీటరు ముల్లు వేడి వైపు నిలకడగా నిలిచాక, కాలు పూర్తిగా తొక్కాడు. బండి ముందుకి పోదామని లేచి, అంతలో ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు కుంగిపోయింది. సైలెన్సర్ పట్ పట్ మంది. దానయ్య కాలు తియ్యకుండా తొక్కి పట్టాడు. మూడు క్షణాలకి ఇంజను మళ్ళీ అందుకుని దూసుకుపోయింది.

అయినా తొందరపడదల్చుకోలేదు. తొందరపడి ఒక మాట అన్నందుకే ఇదంతా. కార్బొరేటర్లో ఇంకా జిగురు మిగిలిందేమో. గాలి ఎక్కడైనా పీలుస్తోందేమో. గాస్కెట్లన్నీ మార్చాడు. పెట్రోల్ పంపు మార్చాడు. పన్నెండో కిలోమీటరులో అదే కుంగుడు. చివరికి సోంపేటలో రోజూ తిరుగుతున్న ఇంకో జిప్సీ కార్బొరేటర్ బతిమాలి ఒక పూటకి తెచ్చి దీనికి బిగించాడు. అదే కుంగుడు, అదే పట్ పట్.

ఆ సాయంత్రం షెడ్డులో కూర్చుని భార్య తవిటమ్మ తెచ్చిన టీ తాగకుండా చల్లార్చాడు. నలభై ఏళ్ళు కార్బొరేటర్ మేస్త్రీ అని పేరు. బండి పికప్ లేదంటే చెయ్యి ముందు కార్బొరేటర్ మీదకే పోతుంది. జబ్బు అక్కడ లేదు. పెట్రోలుని అంటించే నిప్పు వైపు ఉంది.

ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు, కాయిల్ మార్చాడు. తగ్గలేదు. ఇక మిగిలింది ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్. అది పెట్టింది తనే.

మర్నాడు మధ్యాహ్నం బండిని వేడెక్కేదాకా తోలి, కుంగిన చోటే రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తాడు. చల్లారనివ్వకుండా డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపల ప్లగ్గులకి ఎప్పుడు నిప్పు పంపాలో చెప్పే చిన్న కాయిల్ ఒకటి ఉంటుంది. అది కూర్చున్న పళ్ళెం, ఇంజను లాగుడుని బట్టి కాస్త ఇటూ అటూ తిరుగుతుంది. ఆ పళ్ళేన్ని తిప్పేది కార్బొరేటర్ నుంచి వచ్చే సన్న రబ్బరు పైపు, గాలి లాగి. దానయ్య ఆ కాయిల్ వైరుకి మీటరు తగిలించి, పైపు చివర నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. పళ్ళెం తిరిగింది. మీటరు నిలబడింది. నోరు వదిలాడు. పళ్ళెం వెనక్కి వచ్చింది. మీటరు ముల్లు చచ్చినట్టు కింద పడిపోయింది.

మళ్ళీ పీల్చాడు, వదిలాడు. మళ్ళీ పడింది.

బ్లేడుతో వైరు మీది నల్లటి తొడుగు ఒక గోరంత కోశాడు. పైకి నిగనిగలాడుతున్న తొడుగు లోపల రాగి తీగ తెగి ఉంది. రెండు కొసలూ ఆనుకుని ఉన్నాయి. చల్లగా ఉంటే అంటుకుంటాయి. వేడికి తొడుగు సాగి, ఒక్కసారిగా తొక్కితే గాలి లాగుడు తగ్గి పళ్ళెం వెనక్కి వచ్చి, కొసలు ఎడమవుతాయి; లాగుడు మళ్ళీ అందగానే ఆనుకుంటాయి. తెగిన కొసలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. నిన్నా మొన్నా తెగింది కాదది. వైరు పొడవు చాలక, పళ్ళెం తిరిగినప్పుడల్లా ఆ చోటే లాగి లాగి తెగింది. పొడవు చూసి బిగించాల్సింది తనే.

దానయ్య రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాడు. లారీలు పోతున్నాయి. పైపు రబ్బరు రుచి నోట్లోంచి పోలేదు.

* * *

వైరు బాగుచెయ్యలేదు. ఎలా ఉందో అలాగే మూత పెట్టి, ముందు ఈశ్వర్ దగ్గరికి వెళ్ళాడు. పలాసలో డయాలసిస్ వార్డులో ఈశ్వర్ కళ్ళు మూసుకుని పడుకున్నాడు. చెవి దగ్గర వంగి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. బానెట్ ఎత్తకుండా నవ్వేసిన సంగతీ, రెండుసార్లు రేజ్ చేసి ఆపేసిన సంగతీ దాచలేదు.

ఈశ్వర్ కళ్ళు తెరవలేదు. “అయితే నేను కాలు తియ్యలేదు.”

“లేదు బాబూ. నువ్వు తొక్కే ఉన్నావు.”

కంటి కొస నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. సూదులున్న చెయ్యి కదపకూడదు, రెండోది ఎత్తే ఓపిక లేదు; దానయ్యే తువ్వాలుతో తుడిచాడు. ఈశ్వర్ అన్నాడు. “అప్ప నమ్మదు మావా.”

“నాను సెప్తాను.”

“నీ మాట నమ్మే గదా, నాతోటి మాటలు మానీసింది.” కోపంగా అనలేదు. ఉన్నది అన్నాడు. దానయ్య తల వంచుకున్నాడు. “నువ్వు బాధపడకు,” అన్నాడు ఈశ్వర్ మళ్ళీ. “మందస సంగతి నేనూ రెండోపాలి అడగలేదు. అడగాల్సింది.”

ఆదివారం దానయ్య జిప్సీ తోలుకుని టెక్కలి వెళ్ళాడు. రాజకుమారి ఇంటి ముందు ఇంజను చప్పుడు వినిపించగానే ఆమె తలుపు తీసింది. బండిని చూసి గుమ్మం పట్టుకుంది. భర్త పోయాక అదే బడిలో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారామెకి. నాలుగేళ్ళలో జుట్టు సగం తెల్లబడింది.

“దీన్ని నా గుమ్మంలోకెందుకు తెచ్చినావు? వాడు పంపినాడా?”

“ఎవులూ పంపలేదమ్మా. నానే వచ్చినాను.” గేటు బయటే నిలబడి చెప్పాడు. తన తప్పు ముందు చెప్పాడు, వైరు సంగతి తర్వాత. ఆమె మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. అంతా విని అంది:

“ఆ రోజు ఈ వసారాలో కూకుని బండి బాగున్నాదని సెప్పినోడివి నువ్వే. ఇప్పుడు బాగోలేదని సెప్పినోడివీ నువ్వే. ఏ దానయ్య మాట నమ్మమంటావు?”

“నా మాట వొద్దమ్మా. బండెక్కండి. మీరే సూడండి.”

ఆమె లోపలికెళ్ళి తలుపు వేసేసుకుంది. దానయ్య వెళ్ళిపోలేదు. పావుగంట తర్వాత ఆమె బయటికొచ్చి, ఇంటికి తాళం వేసి, గేటు వేసి, ఎడమ సీటు దగ్గరికి నడిచింది. తెల్ల తలుపు మీద చెయ్యి పెట్టి ఆగింది.

“ఈ సీటేనా?”

“సీటు అదేనమ్మా. తలుపు మార్చినారు.”

ఎక్కి కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. టెక్కలి దాటాక దానయ్య ఒకసారి గట్టిగా తొక్కాడు. బండి బాణంలా పోయింది. “బాగానే ఉన్నాది గదా,” అంది ఆమె.

“ఇంతసేపు ఆగున్నాది గదమ్మా. మళ్ళీ వేడెక్కాల.”

నౌపడ వచ్చింది. ఉప్పుమళ్ళు ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. రోడ్డు ఖాళీ. దానయ్య వేడి ముల్లు చూసి, “ఇప్పుడు తొక్కుతున్నాను,” అని కాలు పూర్తిగా అదిమాడు. బండి లేచి కుంగిపోయింది. పట్ పట్ పట్. రాజకుమారి ముందుకి తూలి డాష్‌బోర్డు పట్టుకుంది. బండి మళ్ళీ అందుకుంది.

“మళ్ళీ తొక్కు.”

తొక్కాడు. మళ్ళీ కుంగింది.

“నువ్వు కాలు తీత్తన్నావేమో. ఆగు. సూడనీ.” ఆమె సంచీ కింద పడేసి, పక్కకి వంగి, తల అతని మోకాలి దగ్గరికి తెచ్చి, పెడలు మీద అతని పాదాన్నే చూస్తూ ఉండిపోయింది. “ఊఁ, తొక్కు.”

దానయ్య కాలు నేలకి ఆనేదాకా తొక్కి పట్టాడు. కాలు అక్కడే ఉంది. బండి పోవట్లేదు. ఆమె వంగినది వంగినట్టే ఉంది. బండి అందుకున్నా, తర్వాత నెమ్మదించినా, లేవలేదు. కాసేపటికి గానీ ఆమె వీపు అదురుతోందని దానయ్యకి తెలియలేదు. రోడ్డు పక్కన ఆపేశాడు.

ఆమె లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. “ఎంతసేపు ఆగిందది?”

“మూడు సెకన్లుంటాదమ్మా.”

“ఆయనకి తెలిసుంటాదా?”

ఆమె ఉప్పుమళ్ళ వైపు చూస్తూ తనే అంది. “మూడు సెకన్లంటే శానా ఎక్కువ. ఆయనకీ తెలిసుంటాది. ఈడికీ తెలిసుంటాది.” తర్వాత అంది, “ఈడెక్కడున్నాడు? పలాసలోనేనా? బండి అక్కడికి పోనీ.”

“ఈ బండిలోనే ఎల్దామా అమ్మా?”

“ఇంకోటి ఎక్కడున్నాది?”

దానయ్య దిగి బానెట్ ఎత్తి, సన్న రబ్బరు పైపు ఊడదీసి, గట్టిగా పీల్చి పట్టి, గాలి చొరకుండా దాని నోట్లో ఒక మేకు దూర్చి పక్కకి కట్టేశాడు. తిరిగిన పళ్ళెం ఇక వెనక్కి రాదు. రాకపోతే వైరు కొసలు ఎడమ కావు. ఎక్కి కొంచెం దూరం పోయాక తొక్కి చూపించాడు. బండి కుంగలేదు.

“అంతేనా?” అంది రాజకుమారి.

“అంతేనమ్మా.”

“నీకాడికొచ్చి వాడు అడిగిన రోజున ఇంతే సెయ్యాల్సింది?”

పలాస దాకా ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

ఈశ్వర్ ఆస్పత్రికి దగ్గర్లో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. వంటకి ఒక ముసలమ్మ వచ్చి పోతుంది. రాజకుమారి లోపలికెళ్ళేసరికి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లేవబోయి లేవలేకపోయాడు. ఆమె మంచం పక్కన నిలబడి అతని పాదాల వైపు చూసింది. వంగి వేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది.

“బండెక్కినాన్రా,” అంది.

“ఏ బండి?”

“నీదే. నౌపడ దాకా ఎల్లినాను.”

ఈశ్వర్ గుమ్మంలో నిలబడ్డ దానయ్యని చూసి, మళ్ళీ అక్కని చూశాడు. “భయమేసిందా అప్పా?”

“ఏసింది,” అని ఆమె మంచం పట్టీ మీద కూర్చుని అతని తల ఒళ్ళోకి తీసుకుంది. దానయ్య బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లోపలి నుంచి ఇద్దరి ఏడుపూ వినిపించింది. మాటలు వినిపించలేదు.

* * *

రాజకుమారి బడికి సెలవు పెట్టి అక్కడే ఉండిపోయింది. అరవై మూడు రోజులు. ఉప్పు లేని కూరలు వండింది. డాక్టరు రోజుకి మూడు గ్లాసుల నీళ్ళే ఇమ్మన్నాడు. స్టీలు గ్లాసుతో కొలిచి ఇచ్చేది. ఈశ్వర్‌కి దాహం ఆగేది కాదు. “ఒక్క గుక్క అప్పా, నోరు తడుపుకోడానికే,” అని చిన్నపిల్లాడిలా బతిమాలేవాడు. ఇచ్చేది కాదు. పొద్దున్న పూట ఇద్దరూ పాపారావు సంగతులు చెప్పుకునేవారు. లెక్క తప్పితే మాస్టారు పిల్లల్ని కొట్టకుండా తనే గుంజీలు తీసేవాడని చెప్పుకుని నవ్వడం దానయ్య ఒకసారి విన్నాడు. అతను రోజు విడిచి రోజు పళ్ళేవో తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి పోయేవాడు. అందులో సగం ఈశ్వర్ తినకూడనివే. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఈశ్వర్ పిలిస్తే లోపలికెళ్ళి కూర్చునేవాడు. రాజకుమారి మాత్రం అతనితో మాట్లాడేది కాదు.

క్షమించమని అక్క అడగలేదు, తమ్ముడు అడిగించుకోలేదు. నాలుగేళ్ళ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తితే ఉన్న రోజులు కూడా పోతాయని భయమేమో.

దానయ్య ఆ వైరు ముక్క ప్లాస్టిక్ కవరులో వేసుకుని స్టేషన్‌కి కూడా వెళ్ళాడు. కేసు ఎప్పుడో మూసేశారు, ఈశ్వర్‌కి జైలు పడలేదు గదా, ఇప్పుడు ఏం మారుతుందన్నారు. అక్కడున్న రైటరు మంచివాడు. దానయ్య చెప్పినదంతా ఓపిగ్గా విని, టీ ఇప్పించి పంపించాడు.

మాఘంలో ఒక మధ్యాహ్నం, డయాలసిస్ అయి గదికొచ్చాక, ఈశ్వర్‌కి ఆయాసం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే, ఆటోలో అక్క భుజం మీద తల పెట్టుకుని పోయాడు. ఆ పొద్దున్నే ఇంకో అర గ్లాసు నీళ్ళు అడిగాడట. రాజకుమారి ఇవ్వలేదట. శవం దగ్గర ఆమె ఏడ్చినదంతా ఆ అర గ్లాసు కోసమే. “ఇచ్చీసుంటే ఏటయ్యీది? ఏటయ్యీది?” అని వచ్చిన ప్రతి మనిషినీ అడిగింది.

పదకొండో రోజు వాళ్ళ ఊళ్ళో, తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్కల మధ్య పందిరి వేశారు. చుట్టాలు, ఊరివాళ్ళు వందమంది దాకా వచ్చారు. విస్తళ్ళు వేస్తుండగా ఎవరో ముసలాయన, “ఎంత మంచోడైనా ఆ పిచ్చి తోలుడే కొంప ముంచింది. బావని పొట్టన పెట్టుకున్నాడు,” అనడం దానయ్య చెవిన పడింది. వరసలో కూర్చోబోతున్న దానయ్య అలాగే నిలబడిపోయాడు. జనం ముందు మాట్లాడటం అతనికి చేతకాదు.

“అయ్యా, ఒక మాట. ఈశ్వర్ బాబు పిచ్చిగా తోలలేదు. తాగలేదు. తొక్కినాడు, బండి మిస్ కొట్టింది. బండిలో వైరు తెగున్నాది. అది బిగించింది నాను. ముందే వచ్చి సూడమని అడిగితే సూడలేదు. పోలీసోలకి అబద్ధం సెప్పినాను. అమ్మకీ అబద్ధం సెప్పినాను. ఎవులైనా ఎవుర్నైనా అనాలంటే నన్ననండి.”

వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. “ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ,” అన్నారెవరో. ముసలాయన తల దించుకున్నాడు. ఇద్దరు ముగ్గురు విస్తళ్ళ ముందు నుంచి లేచి పక్కకి పోయారు. దానయ్య చెప్పుల కోసం వెతుక్కుంటూ పందిరి బయటికి నడిచాడు.

“దానయ్యా,” అని రాజకుమారి పిలిచింది. ఆమె చేతిలో కూర బకెట్టు ఉంది. దగ్గరికొచ్చి ఎదురుగా నిలబడింది. ఆ రోజు బండి దిగాక అతనితో మాట్లాడటం అదే మొదలు.

“ఈశ్వర్ గాడు నీ మీద కోపం ఎట్టుకోలేదు. పోయే ముందు రెండుపాలీలు సెప్పినాడు, మావని ఏటీ అనకని. వాడు మంచోడు.” ఆమె బకెట్టు కింద పెట్టింది. “నాకు కోపం ఉన్నాది. శానా ఉన్నాది. ఎప్పుడికి తగ్గుతాదో తెల్దు. తగ్గదేమో కూడా.”

దానయ్య చేతులు జోడించాడు.

“సేతులెందుకు,” అంది ఆమె. “కూకో. తినీసి ఎల్లు.”

వరసలో చివరి విస్తరి ముందు అతన్ని కూర్చోబెట్టి తనే వడ్డించింది. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు పలకరించలేదు. దానయ్య ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఆమె వరస చివర దాకా వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చి, అడగకుండానే అతని విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసి ముందుకి పోయింది.